బల్లి పిల్లకి మేత

చచ్చినవాటితో సుఖం

జువాలజీ ల్యాబులో కొత్తగా చేరే పిల్లలకు ముందే చెబుతున్నాను. చచ్చిన జీవాలతో పని సుఖం. ఫార్మలిన్ సీసాలో పాము పదేళ్ళయినా అలాగే ఉంటుంది. మూత బిగించి, దుమ్ము తుడిచి, చీటీ చెరిగిపోతే మళ్ళీ రాసి అంటిస్తే మీ పని అయిపోయినట్టే. మీరు తప్పు చేసినా అది నోరెత్తదు. బతికున్నదాన్ని ఒక్కదాన్ని మీ చేతికి ఇచ్చినప్పుడు తెలుస్తుంది మీరెంత పనిమంతులో.

నేను తెనాలిలో ఒక కాలేజీ ల్యాబులో పంతొమ్మిది వందల అరవైల్లో చేరి, డెబ్బైలన్నీ అక్కడే గడిపాను. మా ఇల్లు రేపల్లె. పొద్దున్నే రైలు బండెక్కి వచ్చి, సాయంత్రం బండికి తిరిగి వెళ్ళేదాన్ని. ఎప్పుడు పర్మనెంటయ్యానో, ఎప్పుడు ఏ మెట్టెక్కానో తెలుసుకోవాలంటే ఆఫీసులో అడగండి, కాగితాలు ఉన్నాయి. నేను రాసేది ఒక బల్లి పిల్ల గురించి. బల్లి గురించి రాయడమేంటని మా ఆయన నవ్వాడు. నవ్వనివ్వండి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్న దాంట్లో ముప్పాతిక వంతు అదే నేర్పింది.

దాన్ని తెచ్చింది సత్యవతి గారు, మా లెక్చరర్. ఆవిడ అన్నయ్య కొండ ప్రాంతంలో అడవి శాఖలో పనిచేసేవాడు, ఆయన పంపించాడు. మన గోడల మీద తిరిగే బల్లి కాదది. నేల మీద నడిచే రకం. ఒళ్ళంతా గోధుమ రంగు, నల్లటి పట్టీలు. కళ్ళకి రెప్పలు కూడా ఉంటాయి, మనలాగే మూస్తుంది, తెరుస్తుంది. తోకతో కలిపి నా చూపుడువేలంత. సత్యవతి గారు దాన్ని తన బల్ల మీద గాజుపెట్టెలో ఇసక పోసి పెట్టుకున్నారు. క్లాసు లేనప్పుడల్లా దానికేసి చూస్తూ కూర్చునేవారు.

ఆవిడకి పురిటికి బాపట్లలో పుట్టింటికి వెళ్ళే రోజు వచ్చింది. వెళ్తూ వెళ్తూ నన్ను పిలిచి పెట్టె తాళం చేతిలో పెట్టారు.

"మార్తమ్మా, నేను వచ్చేదాకా దీన్ని బతికించు. ఇంకెవరికీ అప్పగించి వెళ్ళలేను," అన్నారు.

సరేనండి అన్నాను. అనడానికి ఏం పోయింది, నోటిమాటే కదా.

ప్రతివాడూ బల్లి పండితుడే

మరునాటి నుంచి మొదలైంది నా ఖర్మ. కాలేజీలో కప్ప గురించి అడిగితే నోరు విప్పేవాడు ఒక్కడూ ఉండడు. బల్లి అనేసరికి అందరికీ అన్నీ తెలుసు. బల్లులు అందరి ఇళ్ళలోనూ ఉంటాయి కదా, అందుకని. అది పొద్దున ఏ దిక్కున పలికిందని అడిగేవాడు ఒకడు. అది పలకదు నాయనా అంటే, పలకని బల్లి ఇంకా అరిష్టమట. ఊడ్చే ఆవిడ ఆ గదిలోకి రావడం మానేసింది. అరటిపండు ముక్క, అటుకులు, చచ్చిన ఈగలు, పెరుగన్నం, ఎవరికి తోచింది వాళ్ళు పెట్టె పైన జల్లెడ మూతలోంచి వేసి పోయేవారు. ఎన్నిసార్లు చెప్పాను, కదలనిది అది తినదు, పురుగు కదిలితేనే దానికి మేత అని. గోడకి చెప్పినా బాగుండేది.

మా హెడ్డు వెంకటరత్నం గారు పెద్ద చదువరి. మంచివాడు కూడా. అదే నాకు చిక్కు. చెడ్డవాడైతే వెనకాల తిట్టుకుని నాకు తోచింది చేసుకునేదాన్ని. ఆయన ఎప్పుడూ నవ్వుతూ, ఆకూ వక్కా నములుతూ, పుస్తకంలో ఏముందో చెబుతారు. ఒకరోజు వచ్చి, రోజూ పురుగులు పట్టి వెయ్యడం దేనికి, పెట్టెలో బెల్లంముక్క పెట్టు, చీమలు వాటంతట అవే వస్తాయి, అది తింటుంది అన్నారు. నాకూ పని తగ్గుతుందనిపించి పెట్టాను.

పొద్దున వచ్చి చూస్తే పిల్ల ఇసకలోంచి లేచి మూలన గాజుకి ఆనుకుని నిలబడి ఉంది. దాని కాళ్ళ నిండా ఎర్రచీమలు. ఒక్కొక్కటీ పీకి తీసేసరికి నా వేళ్ళు వాచాయి. వెనక కాలి వేలు ఒకటి కొస పోయింది. అది తినాల్సినవి దాన్ని తిన్నాయన్నమాట. ఆ రోజే నాలుగు గిన్నెల్లో నీళ్ళు పోసి, ఇంట్లో పాల అలమరకి పెట్టినట్టు, ఆ బల్ల కోళ్ళ కింద పెట్టాను. ఇదేంటమ్మాయ్ అని హెడ్డు గారు అడిగితే, చీమలకండి అన్నాను. ఆయన నవ్వి వెళ్ళిపోయారు.

తరవాత ఆఫీసు గుమాస్తా సాంబయ్య. పక్కూరు నందివెలుగు మనిషి, రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. ఒకరోజు పెద్ద మేలు చేసినవాడిలా అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చాడు. లోపల పదో పన్నెండో పచ్చ మిడతలు. సన్నవి, లేతవి, సరిగ్గా నాకు కావలసినవి. నా ప్రాణం లేచొచ్చింది. అయినా ఎందుకో అడిగాను, ఇన్ని మిడతల్ని చేత్తో ఎలా పట్టావయ్యా అని.

"ఏముందండి, నిన్న మా చేలో మందు కొట్టాం. మత్తుగా పడున్నాయి. ఏరుకొచ్చా."

చెప్పడానికి సిగ్గుపడలేదు, దాచలేదు, పైగా సంతోషంగా చెప్పాడు. ఆ అగ్గిపెట్టెని వాడి ముందే కాంటీను పొయ్యిలో పడేయించాను. వాడికి కోపం వచ్చి నెల రోజులు మాట్లాడలేదు. ఆ రోజుల్లో పొలం మందంటే ఎవరికీ భయం లేదు. చేలో కొట్టేవాళ్ళు కొట్టిన చేత్తోనే అన్నం తినేవారు. ఇంక బల్లి గురించి ఎవరికి పడుతుంది?

ఇంకొకాయన మిణుగురులు తెచ్చాడు. చీకట్లో మెరుస్తాయి, బల్లికి కనిపిస్తాయి కదా అని ఆయన తెలివి. మిణుగురు బల్లికి విషం. ఒక్కటి చాలు. బొచ్చు పురుగులు తెచ్చినవాళ్ళు, ఆఫీసు బీరువాల వెనకనుంచి పెద్ద పెద్ద బొద్దింకల్ని తెచ్చినవాళ్ళు. ఆ బొద్దింక పిల్ల తలకన్నా పెద్దది. ఏది దేన్ని తినాలో వాళ్ళకే తెలియాలి. ఇంతమంది పండితుల మధ్య ఆ పిల్ల ఆకలితో ఉంది. తోక రోజురోజుకీ సన్నబడుతోంది. ఆ జాతికి కొవ్వంతా తోకలోనే ఉంటుంది. తోక సన్నబడిందంటే లోపల దాచుకున్నది అయిపోతోందని అర్థం. సత్యవతి గారి మాట గుర్తొచ్చినప్పుడల్లా వెళ్ళి దాని తోక చూసి వచ్చేదాన్ని.

కోటయ్య గారి కొలత

ఆఖరికి సత్యవతి గారికే ఉత్తరం రాశాను. బాపట్లలో కోటయ్య గారని ఒక పెద్దాయన ఉన్నారు, పంట పురుగుల మీద పరిశోధన చేసేవాళ్ళ దగ్గర జీవితమంతా పురుగుల్ని పెంచిన మనిషి, వెళ్ళి కలువు అని జవాబు రాశారు. ఆదివారం ఆరాధన కాగానే బయల్దేరి వెళ్ళాను.

కోటయ్య గారి ఇంటి వెనక వసారా నిండా కుండలు. ఒక్కో కుండకి గుడ్డ వాసెన కట్టి ఉంది. నేను చెప్పిందంతా విని, ముందు నన్నే అడిగారు, దాని కళ్ళ మధ్య ఎడం ఎంతుంటుంది అని. రెండు నెలలుగా రోజూ చూస్తున్నాను, అది మాత్రం చూడలేదు.

"అదేనమ్మాయ్ కొలత. రెండు కళ్ళ మధ్య ఎడం కన్నా పురుగు లావు ఉండకూడదు. అంతకన్నా పెద్దది మింగితే పిల్ల పక్షవాతం వచ్చినట్టు పడిపోద్ది. చిన్నదైతే ఇంకోటి తింటది, ఏం పోయింది."

ఆయన చెప్పినవి నాకు ఇప్పటికీ కంఠస్థం. పిల్లకి లేత కీచురాళ్ళే మేలు. వాటి ఒంటి పెంకు పలచన. చేలో పట్టినవి వద్దు, నీ చేతుల్తో పెంచినవే వెయ్యి. వేసేముందు రెండు రోజులు కీచురాయికి తోటకూర, తవుడు, దుంప ముక్కలు కడుపునిండా పెట్టు. దాని పొట్టలో ఏముంటే బల్లి పొట్టలోకి అదే పోతుంది. తిని వదిలేసిన పురుగుల్ని పెట్టెలో ఉంచకు, పిల్ల నిద్రపోతుంటే అవి దాన్ని కొరుకుతాయి. పొద్దు వాలాక పెట్టు, అప్పుడే అది లేస్తుంది.

ఇంకా ఏదో చెప్పారు. ఒక తెల్లటి బోలు ముక్క చేతిలో పెట్టారు. సూర్యలంక ఒడ్డున కొట్టుకొస్తుందే, సముద్రపు నురుగంటారు, ఒక సముద్రజీవి ఒంట్లోని పెంకు, అది. దీన్ని చాకుతో గీకి ఆ పొడి... అని ఏదో అంటున్నారు. నేను అప్పటికే గుమ్మం దాటాను. బండికి వేళవుతోంది. ఒక చేతిలో కీచురాళ్ళ కుండ, ఇంకో చేతిలో సంచి. అలాగేనండి బాబాయి గారూ అని ముక్క సంచిలో వేసుకుని పరుగెత్తాను. మరునాడు దాన్ని ల్యాబు బీరువాలో, శంఖాలూ గవ్వలూ పెట్టే అరలో పెట్టాను. సముద్రపు వస్తువు కదా, ఆ అరలోదే అనుకున్నాను. నా బుర్ర అలా పనిచేసింది.

కుండ మా రేపల్లె ఇంట్లో వంటింటి మూల పెట్టాను. మేం సాయంత్రం ప్రార్థన మొదలుపెట్టగానే ఎదిగిన మగ కీచురాళ్ళు అందుకునేవి. మా అత్తగారు పాట ఆపి నాకేసి చూసేది. ఉద్యోగం చెయ్యడానికి ఒప్పుకున్నాం గానీ పురుగుల్ని ఇంటికి తెస్తానని చెప్పలేదుగా అనేది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. కానీ గుడ్లు పగిలి, చీమతలంత పిల్లలు ఇసకలోంచి లేచినప్పుడు మొదట చూసి నన్ను పిలిచింది కూడా ఆవిడే. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెకి కన్నాలు పొడిచి అందులో రోజుకి ఆరేడు కీచురాయి పిల్లల్ని తెనాలి తీసుకెళ్ళేదాన్ని.

పిల్ల తిన్నది. మొదటి రోజు అది తోక కొస ఆడించి, ఒక్క దూకు దూకి కీచురాయిని అందుకున్నప్పుడు నేను ల్యాబులో ఒక్కదాన్నే ఉండి చప్పట్లు కొట్టాను. నెల తిరిగేసరికి తోక నిండింది. సత్యవతి గారికి ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ క్షేమమని ఉత్తరం వచ్చింది. ఇక్కడ మన బల్లి పిల్లా క్షేమమేనని తిరిగి రాశాను.

సున్నం

కీచురాళ్ళు పెట్టడం మొదలైన మూడో నెలలో పిల్ల నడక మారింది. ముందు కాళ్ళు వణుకుతున్నాయి. దూకబోయి పక్కకి ఒరిగేది. హెడ్డు గారికి చూపించాను. ఆయన లావుపాటి పుస్తకం తిరగేసి, ఎదిగే పిల్ల కదా, ఎముకల్లోకి కాల్షియం చాలడం లేదు, అన్నారు. అది నిజమే. ఆయన పట్టుకున్న జబ్బు సరైనదే. మందు దగ్గరే చెడింది. కాల్షియం ఎక్కడుందో వెతుక్కోవడమేంటి, సున్నంలో ఉన్నది అదే కదా అని, జేబులోంచి తన సున్నపు కాయ తీశారు. తాంబూలంలోకి వాడే తడి సున్నం.

"కీచురాయి వీపుకి కొంచెం రాసి వెయ్యి. మనం రోజూ తింటున్నాం, మనకేమైంది?"

నాకు తెలుసు. సున్నం కొంచెం ఎక్కువైతే నోరు పొక్కుతుందని మన వైపు పుట్టిన ఎవరికైనా తెలుసు. ఆకు లేకుండా, వక్క లేకుండా ఉత్త సున్నం ఎవరు నాలుక మీద పెట్టుకుంటారు? నోటిదాకా వచ్చింది, అండి, అది మండుతుందేమోనండి అని. మింగేశాను. ఆయన హెడ్డు. పుస్తకాలు చదివిన మనిషి. నేను ట్రేలు కడిగే దాన్ని. ఐదింటి బండికి వేళవుతోంది కూడా. అగ్గిపుల్ల కొసతో సున్నం తీసి మూడు కీచురాళ్ళ వీపుకి రాసి వేసి, అది ఆకలికి పొద్దుండగానే లేచి ఒకదాన్ని అందుకోవడం చూసి, తాళం వేసి వెళ్ళిపోయాను.

మరునాడు పిల్ల కీచురాయి వైపు తిరగలేదు. ఆ మరునాడు చూస్తే కుడివైపు పెదవి, చిగురు తెల్లగా పొక్కి ఉన్నాయి. నోరు మూయలేకపోతోంది. కళ్ళు మూసుకుని ఇసకలో గడ్డం ఆనించి పడుంది.

చీమల సంగతీ మందు మిడతల సంగతీ అయితే ఎవరినో తిట్టుకున్నాను. ఈసారి తిట్టడానికి నేనే ఉన్నాను.

నేరుగా హెడ్డు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన ఒక్కరే ఉన్నారు. ఒకసారి ఆ సున్నపు కాయ ఇవ్వండి అన్నాను. ఇచ్చారు. అగ్గిపుల్లతో అంతే సున్నం తీసి నా నాలుక మీద పెట్టుకున్నాను.

ఆయన కుర్చీలోంచి లేచారు. "మార్తా, ఏంటిది, నోరు కాలుద్ది."

"తెలుసండి," అన్నాను. "మొన్న కూడా తెలుసు."

కూజాలోంచి నీళ్ళు వంచి ఆయనే నా చేతికిచ్చారు. తరవాత నా వెంట ల్యాబులోకి వచ్చి, పెట్టె ముందు వంగి పిల్ల నోరు చూశారు. ఆ చూపు చూశాక ఆయన మీద నా కోపం పోయింది. చెప్పలేదేం అని ఆయన నన్ను అడగలేదు, ఎందుకు రాయమన్నానా అని తనే అనుకున్నట్టున్నారు. శంఖాల అరలో తెల్లటి ముక్క ఆయనకే కనిపించింది. ఇది సముద్రపు నురుగు కదమ్మా, కోళ్ళకీ చిలకలకీ గీకి పెడతారు, మెత్తటి కాల్షియం, ఇది మన దగ్గర ఎప్పటినుంచి ఉంది అని అడిగారు. రెండు నెలల నుంచి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాలుక మండుతోంది కూడా.

ఉగ్గుగిన్నె

ఆ ఆదివారం ఆరాధనకి కూడా వెళ్ళకుండా బాపట్ల బండెక్కాను. కోటయ్య గారు అప్పుడే కుబుసం విడిచిన కీచురాళ్ళను ఏరి ఇచ్చారు. ఆ గంటా రెండు గంటలు కీచురాయి ఒళ్ళు తెల్లగా, వెన్నలా ఉంటుంది. నోరు నొప్పిగా ఉన్న పిల్ల దాన్నయితే నమలగలదు. ఏ వయసు కీచురాయి ఎప్పుడు కుబుసం విడుస్తుందో కనిపెట్టడం కూడా నేర్పారు. ఆ ముక్క పొడి సంగతి చెప్పానే అన్నారు. విన్లేదండి అన్నాను.

అక్కడినుంచి సత్యవతి గారింటికి. ఉత్తరంలో రాసి ఊరుకోవచ్చు. నోటి పూత వచ్చింది, తగ్గుతోంది అంటే ఆవిడ నమ్మేవారు. హెడ్డు గారు కూడా అలాగే రాయమన్నారు, బాలింతని ఎందుకు బాధపెట్టడం అని. ఈసారి ఆయన మాట వినలేదు.

ఆవిడ వసారాలో పిల్లని ఒళ్ళో వేసుకుని, ఉగ్గుగిన్నెతో పాలు పడుతున్నారు. గిన్నెలో పాలు పోసుకున్న ప్రతిసారీ ముందు తన పెదవికి తాకించి చూసుకుని, అప్పుడు పిల్ల నోట్లో పోస్తున్నారు. నాతో మాట్లాడుతూనే, చూసుకోకుండానే, ప్రతిసారీ. నేను గుమ్మంలో నిలబడి అదే చూశాను. ఆ పని నేనూ చేశాను, రెండు రోజులు ఆలస్యంగా.

దాచకుండా చెప్పాను. సున్నం ఇచ్చింది హెడ్డు గారు. రాసింది నేను. మండుతుందని తెలుసు.

ఆవిడ గిన్నె కింద పెట్టారు. "తెలిసీ ఎందుకు రాశావు మార్తమ్మా?"

"హెడ్డు గారు చెప్పారు కదండి."

"ఆయన నీకు హెడ్డు. దానికి కాదుగా."

అంతే అన్నారు. కోపంగా కూడా అనలేదు. పిల్ల ఏడుపు అందుకుంటే మళ్ళీ గిన్నె తీసుకుని, పెదవికి తాకించి చూసుకుని పోశారు. మా అమ్మ కొట్టినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు, ఆ రోజు తిరుగు బండిలో ఏడ్చినట్టు.

బల్లి పిల్ల బతికింది. కుబుసం విడిచిన కీచురాళ్ళు, వాటి మీద చిటికెడు సముద్రపు నురుగు పొడి. రెండు నెలల్లో కాళ్ళు గట్టిపడ్డాయి. సత్యవతి గారు తిరిగి వచ్చి పెట్టె తాళం తీసుకున్నారు, మర్నాడు మళ్ళీ నాకే ఇచ్చారు, పెట్టడం నీకే తెలుసు అని. అటు తరవాత ఆ కాలేజీలో ఎవరేం చెప్పినా, ఒక్క నిమిషం ఆగండి అని అడిగే అలవాటు చేసుకున్నాను. దాంతో నన్ను నోటి దురుసు మనిషి అన్నారు. అననివ్వండి. మీరూ అనిపించుకోండి. మీ కింద ఉన్న జీవానికి మీరు తప్ప నోరు లేదు.

పొక్కు మానింది గానీ దవడ కుడివైపు కొంచెం వంకరగా అతుక్కుంది. పిల్ల పెద్దదై, జానెడు బల్లి అయినా ఆ వంకర పోలేదు. కీచురాయి మీదికి దూకేది, నోట్లోంచి జారిపోయేది. మళ్ళీ దూకేది, మళ్ళీ జారేది. నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళూ కీచురాయిని కాలు పట్టుకుని దాని ఎడమ దవడ పక్కన పెట్టి, అది పట్టు దొరికించుకునేదాకా కదలకుండా కూర్చునేదాన్ని. ఒక్కొక్కటీ. పొద్దు వాలాకే అది లేస్తుంది కనుక ఐదింటి బండి ఎప్పుడూ అందేది కాదు. రెండో బండికే వెళ్ళేదాన్ని.